ముర్ని దగ్గర వద్దు

మలాంగ్,
ఫిబ్రవరి 3

హార్తినీ,

నీకు ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం, నేను అరవడం, నా మాటలు నీకు తప్ప మా వీధి అంతటికీ వినపడటం. అందుకే కాయితం పట్టుకున్నాను. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పటి నుంచీ మనిద్దరికీ అలవాటైన పనే కదా.

మా లింతాంగ్‌కి ఆరో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. అల్లుడు బొగ్గు గనుల దగ్గరే ఉంటాడు, రెండు వారాలకోసారి గానీ ఇంటికి రాడు. "అమ్మా, నువ్వొస్తేనే" అని పిల్ల ఏడుస్తోంది. వచ్చే నెలలో బాలిక్‌పాపన్‌లో వాళ్ళింటికి వెళ్తే మళ్ళీ ఇల్లు చేరేసరికి నాలుగైదు నెలలు పడుతుంది.

నా బెంగ మాత్రం ఇక్కడి ఐదుగురి గురించి. రెండు కుందేళ్ళు, మూడు గినీపిగ్‌లు. నేను రిటైరయ్యాక స్కూల్లో వాటిని చూసేవాళ్ళు లేక పిల్లలే సంచుల్లో పెట్టి తెచ్చి మా వరండాలో దింపి పోయారని చెప్పాను కదా. వాటిలో పెద్దది, మీసాల గినీపిగ్, పిల్లలు 'సర్పంచి' అని పిలిచేది, దానికిప్పుడు ఆరేళ్ళు. ముసలాయన.

ఊరెళ్ళేవాళ్ళ కుందేళ్ళని చూసుకునే నీ హాస్టల్లో వీళ్ళని చేర్చుకుంటావా? ఎంత దూరమైనా సరే, కారు మాట్లాడుకుని లెంబాంగ్ తీసుకొస్తాను. నువ్వైతే నాకు నిద్ర పడుతుంది.

నీ
వెనింగ్


లెంబాంగ్,
ఫిబ్రవరి 12

వెనింగ్,

పిల్లకి ధైర్యం చెప్పు. నువ్వు పక్కన ఉంటే సగం నయమవుతుంది.

హాస్టల్ మూసేసి రెండేళ్ళు దాటింది. నీకు చెప్పలేదు కదూ. మోకాళ్ళు. వంగి గూళ్ళు కడగలేకపోతున్నాను. అయినా అన్ని గంటలు కారులో కుదుపుకుంటూ వస్తే నీ సర్పంచి సగం దారిలోనే రాజీనామా చేస్తాడు. మీ ఊళ్ళోనే వెతుకు. ఎలా వెతకాలో నేను చెబుతాను.

ముందుగా ఫోన్ చేసి వెళ్ళకు. మేత వేసే వేళకి చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడు. ఉచ్చ కంపుకి ముక్కు మండితే అక్కడి నుంచే వెనక్కి తిరుగు. కుక్కలు, పిల్లులు కంటికి కనపడకపోయినా చెవికి వినపడితే చాలు, కుందేలు భయంతో తిండి మానేస్తుంది. ఎండుగడ్డి రోజంతా గూట్లో ఉండాలి. రంగురంగుల గుళికల మేత గిన్నె నిండా పోసి మురిసిపోయే వాళ్ళని నమ్మకు. గినీపిగ్‌లకి రోజూ క్యాప్సికమో జామకాయో ఏదో ఒకటి పెడతారా అని అడుగు. వాటి ఒంట్లో సి విటమిన్ తయారవదు, తెలిసినవాళ్ళకే ఆ సంగతి తెలుస్తుంది.

ఆఖర్న ఒక్క ప్రశ్న. "ఇది తినడం మానేస్తే ఏం చేస్తారు?" అని అడుగు. "రేపటిదాకా చూస్తాం" అన్నవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకు.

హార్తిని


మలాంగ్,
ఫిబ్రవరి 27

హార్తినీ,

నీ ఉత్తరం చేతిసంచీలో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరమ్మలా ఉన్నానని మా పక్కింటి దెవి నవ్వింది.

మొదటి చోట గోడ అవతల ఎనిమిది కుక్కలు. "అలవాటైపోతాయమ్మా" అన్నాడు ఆ ఇంటాయన. ఎవరికి అలవాటవుతుందని అడిగి వచ్చేశాను.

రెండోది మాల్ వెనకాల. ఏసీ గది, గాజు గూళ్ళు, గులాబీ రంగు చొక్కాల అమ్మాయిలు. "ఆంటీ, మన దగ్గర రోజూ ఫోటో పంపుతాం" అంది ఒకమ్మాయి. ఎండుగడ్డి ఉంటుందా అంటే, "ఉంటుంది ఆంటీ, ప్రీమియం ప్యాకేజీలో" అంది. తిండి మానేస్తే ఏం చేస్తారన్నాను. వెళ్ళి మేనేజర్ని అడిగొచ్చి, "మీకు మెసేజ్ పెడతాం" అంది. పాపం మంచి పిల్లే.

మూడోది పక్కనున్న బాతు ఊళ్ళో, ఆపిల్ తోటల వైపు. రేకుల షెడ్డు, చలిగాలికి అడ్డంగా గోనెపట్టాలు. బోర్డు కూడా లేదు. ఉన్నది ఒక్క ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఐదుగురినీ పెట్టి నేను తీసుకెళ్ళిన బుట్టల వంకే చూసింది గానీ నా వంక చూడలేదు. "టీచరమ్మా, ఈ రెండు కుందేళ్ళనీ విడదీయకూడదు, విడిగా ఉంటే తినవు. గినీపిగ్‌లని మాత్రం వేరే వరసలో పెడతాను. కుందేలు ఒక్క తన్ను తన్నిందంటే వీటి నడుం విరుగుతుంది" అంది. నీ ఆఖరి ప్రశ్న అడిగాను. "అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. మీకు తర్వాత చెబుతాను. మిమ్మల్ని అడుగుతూ కూర్చుంటే అది ఆగదు" అంది.

ఎక్కడ నేర్చుకున్నావన్నాను. లెంబాంగ్‌లోనట. హార్తిని అని నా స్నేహితురాలు తెలుసా అంటే, "తెలుసమ్మా, ఆవిడ దగ్గరే నేర్చుకున్నా" అంది. ఆమె పేరు ముర్ని. నాకెంత గర్వంగా అనిపించిందో తెలుసా?

మాట ఇచ్చేసి వచ్చాను. పదో తారీఖున తీసుకెళ్తానని చెప్పాను.

వెనింగ్


లెంబాంగ్,
మార్చి 5

వెనింగ్,

ముర్ని దగ్గర వద్దు.

నాకు చెప్పడం ఇష్టం లేదు. ఆమె చేతిలో ఒక కుందేలు పోయింది. అది తినడం లేదన్న సంగతి నాకు చెప్పలేదు. అందుకే పంపించేశాను. మాటలు బాగానే చెబుతుంది, మాటలకి పడిపోకు.

ఆ గాజు గూళ్ళ చోటే నయం. కనీసం డాక్టర్లు దగ్గర్లో ఉంటారు.

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, పదో తారీఖులోపు అందాలని.

హార్తిని


బాలిక్‌పాపన్,
ఏప్రిల్ 2

హార్తినీ,

నీ కొరియర్ తొమ్మిదిన అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. లింతాంగ్ పడుకునే ఉంది, తొమ్మిదో నెల దాకా లాగితే చాలంటున్నారు.

ముర్నికి ఫోన్‌లో చెప్పేసి ఊరుకోవచ్చు. మాట ఇచ్చి తప్పుతున్నాను కదా, మనిషి ఎదురుగానే చెప్పాలని, గాజు గూళ్ళ చోటికి బయల్దేరిన బుట్టలతోనే ముందు అక్కడికి వెళ్ళాను. అప్పటికే గూళ్ళు కడిగి ఎండలో ఆరబెట్టింది. సర్పంచికి మెట్టు ఎక్కడం కష్టమని గూటికి చెక్క వాలుగా బిగించింది. ఏదో ఒక సాకు చెబుదామనుకున్నాను గానీ ఇన్నేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన నోటికి అబద్ధం కూడా సరిగా రాదు. "హార్తిని రాసింది" అన్నాను.

ముర్ని గూటి తలుపు దగ్గరికి వేసింది. "అలాగేనమ్మా" అంది. బుట్ట దాకా వచ్చి సర్పంచిని చేతిలోకి తీసుకుని, "ఎక్కడ పెట్టినా సరే, ఈ ఒక్క మాట వాళ్ళకి చెప్పండి. ఇది ఎడమ పక్కే నములుతోంది. కుడి పక్క పళ్ళు పెరిగిపోతున్నాయేమో. వారానికోసారి తూకం వేయమనండి, తగ్గితే ఆగొద్దనండి" అంది.

గాజు గూళ్ళ వాళ్ళకి చెప్పాను. రాసుకున్నారు. రోజూ ఫోటో వస్తోంది.

మంచి పనే చేశానని నీ మాట మీద నమ్ముతున్నాను. అయినా బాతు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తలెత్తలేకపోయాను.

వెనింగ్


లెంబాంగ్,
ఏప్రిల్ 14

వెనింగ్,

ఇక్కడ వానలు ఇంకా తగ్గలేదు. బట్టలు ఆరడం లేదు. మా వీధి చివర స్ట్రాబెర్రీ తోటని ఎవరో హోటల్ వాళ్ళు కొన్నారు.

సర్పంచి పళ్ళ సంగతి ఆ మాల్ వాళ్ళని మళ్ళీ ఒకసారి అడుగు. తూకం వేస్తున్నారా, ఎంతుందో అంకె చెప్పమను. ఫోటో పంపితే సరిపోదను.

ఆమె ఇంకేమైనా అందా? నా గురించి.

లింతాంగ్‌కి పాలలో ఖర్జూరం నానబెట్టి ఇవ్వు.

హార్తిని


బాలిక్‌పాపన్,
మే 9

హార్తినీ,

లింతాంగ్‌కి పాప పుట్టింది. రెండు కిలోల రెండొందలు. ఇద్దరూ బాగున్నారు. ముందు ఈ సంతోషం రాయాలనుకున్నాను, రాశాను.

సర్పంచి పోయాడు.

నీ ఉత్తరం చూసి తూకం అడిగాను. "ఓకే ఆంటీ" అన్నారు. ఫోటోలు మాత్రం ఆగలేదు. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఆ ఫోటోలన్నీ వరసగా చూశాను. నాలుగు రోజుల ఫోటోల్లో దోసకాయ ముక్క ఒకే చోట, ఒకే వంకరలో ఉంది. ఒకే ఫోటో నాలుగు రోజులు పంపారు. దెవిని వెళ్ళి చూడమన్నాను. వెళ్ళేసరికి గూట్లో రెండే గినీపిగ్‌లు ఉన్నాయట. నాలుగైదు రోజుల కిందటే పోయిందట, "ఆంటీకి డెలివరీ టెన్షన్‌లో చెప్పడమెందుకని" చెప్పలేదట. పళ్ళు నాలుక మీదికి అడ్డంగా పెరిగి మింగలేకపోయిందని వాళ్ళ డాక్టరే చెప్పాడు. ముందుంచిన గిన్నె నిండుగానే ఉంది. అది తినడం లేదని ఎవరికీ తోచలేదు.

మిగతా నలుగురినీ ఏం చేయను? సిగ్గు విడిచి ముర్నికి ఫోన్ చేశాను. నేను అడగడం పూర్తవకముందే "ఇప్పుడే వెళ్తానమ్మా" అంది. ఆ మధ్యాహ్నమే తెచ్చేసుకుంది. ఒక్క మాట దెప్పలేదు. "చెప్పాను కదమ్మా" అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నువ్వు బాధపడకు, నా మంచికే చెప్పావు. కానీ ఒకటి అడుగుతాను. లెంబాంగ్‌లో కుందేలు పోయిందట కదా, ఏమైందని ఆమెనే అడిగాను. "పోయింది నిజమేనమ్మా" అని ఊరుకుంది. ఎడమ పక్క నములుతోందని ఒక్క చూపులో కనిపెట్టిన మనిషి, తిండి మానేసిన కుందేలు సంగతి నీకు చెప్పకుండా ఉందంటే నాకు అతకడం లేదు.

హార్తినీ, నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?

వెనింగ్


లెంబాంగ్,
మే 20

వెనింగ్,

దాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి లెబరాన్ పండగ. పండక్కి ఊళ్ళకెళ్ళే వాళ్ళంతా తెచ్చి వదిలితే ఇంట్లో ముప్పై ఒక్క ప్రాణులున్నాయి. పండగ మూడో రోజు పొద్దున్నే ముర్ని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. "అమ్మగారూ, కాపుక్ నిన్న సాయంత్రం నుంచి తినలేదు. ట్రేలో ఒక్క పెంటిక లేదు. పొట్ట గట్టిగా ఉంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం" అంది. బాండుంగ్ నుంచి గిస్కా అనే పదేళ్ళ పాప తెచ్చి వదిలిన తెల్ల కుందేలు అది.

ఆ రోజు మా ఆడపడుచులు నలుగురూ భోజనానికి వస్తున్నారు. నీకు తెలుసుగా, ముప్పై ఏళ్ళయినా ఆ ఇంటికి నేను తూర్పు జావా నుంచి వచ్చిన పరాయి కోడల్నే. ఆయన పోయాక వాళ్ళు నా ఇంటికి రావడం అదే మొదలు. పొయ్యి మీద కొబ్బరిపాల కూర ఉడుకుతోంది. "ఉక్కకి అలా ఉంటాయిలే, రేపు చూద్దాం" అన్నాను.

మధ్యాహ్నం అందరూ తింటుండగా మళ్ళీ వచ్చింది. "స్కూటర్ తాళం ఇవ్వండి చాలు, నేనే తీసుకెళ్తా" అంది. మా పెద్దాడపడుచు నవ్వి, "మీ పనిమనిషికి కుందేళ్ళంటే కడుపున పుట్టిన పిల్లల్లా ఉన్నాయే" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నువ్వేమైనా డాక్టరువా? వెళ్ళి పళ్ళేలు కడుగు" అన్నాను. తాళం నా జేబులోనే ఉంది.

మర్నాడు పొద్దున కాపుక్ చచ్చిపోయి ఉంది.

పాపా వాళ్ళ నాన్నా వచ్చారు. ఆయన గొంతు పెంచి, "ఎవరు చూసుకుంటున్నారండీ వీటిని?" అన్నాడు. వీధిలో వాళ్ళు గేటు దగ్గర చేరారు. "పనిమనిషి చూస్తుంది. తినడం లేదని నాతో అననే లేదు" అన్నాను. ముర్ని పక్కనే ఉంది, చేతుల్లో ఎండుగడ్డి మోపుతో. నా వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. పాప ఆమె దగ్గరికి వెళ్ళి, "అక్కా, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. ముర్ని జవాబివ్వలేదు. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయకపోయినా నీకు తెలియదు, అయినా రాస్తున్నాను. హమ్మయ్య అనుకున్నాను వెనింగ్.

వారం తిరక్కుండా ఆమెని పంపించేశాను. లెంబాంగ్‌లో ఆమె ఎక్కడ పని అడిగినా వాళ్ళు నన్ను వాకబు చేశారు. అందరికీ అదే చెప్పాను. చివరికి ఊరు వదిలిపోయింది. ఆరు నెలలకి హాస్టల్ మూసేశాను. మోకాళ్ళు కాదు. పొద్దున గూళ్ళ దగ్గరికి వెళ్తే చేతులు ఆడేవి కావు.

నువ్వు ముర్ని పేరు రాసినప్పుడు, పోనీలే, బతుకుతోందని సంతోషం కలగాలి కదా. నాకు తోచింది ఒక్కటే, నీకు చెప్పేస్తుందని. అందుకే వద్దని రాశాను. నీ సర్పంచి పోయింది ఆ గులాబీ చొక్కాల పిల్లల వల్లే కాదు. నా వల్ల.

హార్తిని


బాలిక్‌పాపన్,
జూన్ 1

హార్తినీ,

మూడుసార్లు చదివాను. ఒళ్ళో పాప ఉంది, కాబట్టి కోపంగా చదవడం కుదరలేదు. తర్వాత వచ్చింది కోపం.

నాకు ఎందుకు రాశావు? నేను కాదు కదా అక్కడ గడ్డిమోపు పట్టుకుని నిలబడింది. నేను పోగొట్టుకున్నది ఒక ముసలి గినీపిగ్‌ని. దానికి నేను ఏడ్చాను, అయిపోయింది. ఆ మనిషి పేరు పోగొట్టుకుంది. పైగా నీ మాట పట్టుకుని వెళ్ళి నేను ఆమె ఇంటి ముందు నిలబడి రెండోసారి అదే అన్నాను. నీ తప్పు నా నోటితో కూడా పలికించావు.

నీ తరఫున ఆమెకి నేనేమీ చెప్పను. ఆమెకి ఉత్తరం కూడా రాయకు. వెళ్ళు.

వెనింగ్


బాతు,
జూన్ 17

వెనింగ్,

వచ్చాను.

బాండుంగ్ నుంచి మలాంగ్ దాకా రైలు, అక్కడి నుంచి బాతుకి ప్యాసింజరు వ్యాను. ఇల్లు కనుక్కునేసరికి పొద్దున పది. ముర్ని వంటింటి త్రాసు మీద నీ గినీపిగ్‌ని పెట్టి తూకం రాసుకుంటోంది. నన్ను చూసి, "రండమ్మగారూ" అంది, నిన్ననే వచ్చి వెళ్ళినట్టు. చక్కెర ఎక్కువేసిన టీ ఇచ్చింది. అలా తాగుతానని ఇంకా గుర్తుంది.

దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ వరసగా రాలేదు. ఎలాగో చెప్పాను. ఆమె పని ఆపలేదు. రెండో గినీపిగ్‌ని కూడా తూచి, అంకె వేసి, అప్పుడంది:

"ఇది ఎవరికి చెబుతున్నారమ్మగారూ? నాకు తెలిసిన సంగతే కదా."

త్రాసు మీది గడ్డిపరకలు తుడిచి మళ్ళీ అంది:

"ఆ రోజు నేనెందుకు నోరు విప్పలేదో మీరెప్పుడూ అడగలేదు. నేను కూడా మాట్లాడితే, ఇద్దరు పెద్దవాళ్ళలో ఎవరు అబద్ధమాడుతున్నారో ఆ పాప తేల్చుకోవాలి. అప్పటికే చచ్చిన కుందేల్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. అందుకని ఊరుకున్నా. నా గొప్ప అనుకోకండి. పాప వెళ్ళాక మీరే ఫోన్ చేసి వాళ్ళ నాన్నకి చెబుతారనుకున్నా. వారం చూశా. నెల చూశా. తర్వాత చూడ్డం మానేశా."

నన్ను క్షమించగలవా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆ మాట నాకు నోటికి రావట్లేదమ్మగారూ. రాకపోతే ఏం చేయను. మీరు మాత్రం ఆ పాపకి చెప్పండి. మీ వీధిలో వాళ్ళు ఏమనుకున్నా నాకిప్పుడు పట్టింపు లేదు. పాప దృష్టిలో మాత్రం తప్పు చేసింది ఇంకా నేనే."

టీ గ్లాసు నేను కడుగుతానంటే, "ఉంచండి" అంది.

నీ నలుగురూ బాగున్నారు. కుందేళ్ళని నాకు చూపించలేదు, నేనే గోనెపట్టా సందులోంచి చూశాను. కుందేళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోతున్నాయి.

హార్తిని


బాండుంగ్,
జూలై 6

వెనింగ్,

నీ నుంచి జవాబు రాలేదు. రాయమని అడగను. జరిగింది చెప్పేసి ఊరుకుంటాను.

వెతగ్గా వెతగ్గా గిస్కా వాళ్ళు ఇల్లు మారారని తెలిసింది. కొత్త ఇంటికి వెళ్ళేసరికి ఆదివారం మధ్యాహ్నం. నన్ను గుర్తుపట్టడానికి వాళ్ళ నాన్నకి కాస్త టైం పట్టింది. విన్నాక, "మూడేళ్ళయిందమ్మా. ఒక కుందేలు కోసం ఈ వయసులో ఇంత దూరం ఎందుకు?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదని అడ్డం పెట్టుకుని లేచి వచ్చేద్దామని ఒక్క క్షణం అనిపించింది. "పాపకి చెప్పాలండీ" అన్నాను.

ఇప్పుడు పదమూడేళ్ళు. నాకంటే పొడుగైంది. నా ఎదురు కుర్చీలో కూర్చుంది. వంటింటి గుమ్మం, స్కూటర్ తాళం, మా ఆడపడుచు నవ్వు, ఏదీ వదలకుండా చెప్పాను. పిల్ల ముఖంలో ఏమీ మారలేదు. అంతా అయ్యాక అడిగింది:

"ఆ అక్క రెండుసార్లు చెప్పిందా?"

"రెండుసార్లు."

"నేను ఆ అక్క మీద వ్యాసం రాశాను" అంది. "స్కూల్లో. పేరు కూడా పెట్టి. టీచర్ బావుందని అసెంబ్లీలో చదివించింది. అందరూ చప్పట్లు కొట్టారు."

వాళ్ళ నాన్న "పర్లేదమ్మా, నీకేం తెలుసు" అన్నాడు. పిల్ల విననట్టే ఉంది. చెవుల దాకా ఎర్రబడి, కుర్చీ చేతిని గోటితో గీరుతోంది. వెనింగ్, నా సిగ్గు నాదే అనుకున్నాను. ఈ పిల్లకి కూడా పంచిపెట్టానని అప్పుడు తెలిసింది.

ముర్ని అడ్రసు అడిగింది. చెబితే రాసుకుంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేనూ వాళ్ళ నాన్నా వరండాలో కూర్చున్నాం. ఆయన కర్రపెండలం చిప్స్ తెచ్చి పెట్టాడు, ఇద్దరం ముట్టుకోలేదు. గంట పైన పట్టింది. కవరు అంటించి, అడ్రసు రాసి తెచ్చింది. లావుగా ఉంది కవరు.

నేను లేచి చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వమ్మా, దారిలో పోస్టాఫీసు ఉంది, రేపు పొద్దున్నే వేస్తాను."

ఆ పిల్ల కవరుని గుండెకి ఆనించుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"మీరొద్దు" అంది. "నేనే వేస్తాను."

హార్తిని